బల్లమీద సూరత్: బొమ్మ సైన్యాలు, అసలు చరిత్ర

తపతీ నది అరేబియా సముద్రంలో కలవడానికి కొద్ది దూరం ముందు, నది ఎడమ గట్టున సూరత్ కోట నిలిచి ఉంది. గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ ఆజ్ఞపై పదహారవ శతాబ్దం నడుమ, పోర్చుగీసు దాడులనుంచి నగరాన్ని కాపాడేందుకు ఖుదావంద్ ఖాన్ అనే అధికారి దీన్ని కట్టించాడు. ఇటీవలి సంవత్సరాలలో నగరపాలక సంస్థ ఈ కోటను పునరుద్ధరించి ప్రదర్శనశాలగా తీర్చిదిద్దింది. ఈ బురుజుల మధ్య నిలబడి చూసేవారికి ఒక విషయం స్ఫురించక మానదు. ఈ ఒక్క కోట చుట్టూ, ఈ ఒక్క రేవు పరిసరాలలో, రెండు శతాబ్దాల లోపున కనీసం ఐదారు యుద్ధ సన్నివేశాలు జరిగాయి. వాటిలో ఏ ఒక్కటీ మరొకదాని వంటిది కాదు.

బొమ్మ సైన్యాలతో చారిత్రక యుద్ధాలను బల్లమీద తిరిగి ఆడే వ్యాసంగం ఒకటి ప్రపంచంలో అనేక దేశాలలో ఉంది. వార్‌గేమ్ అనే పేరుతో ప్రచారంలో ఉన్న ఈ ఆటను పిల్లల ఆటగా కొట్టివేసేవారూ ఉన్నారు, యుద్ధాన్ని వినోదంగా మారుస్తుందని ఆక్షేపించేవారూ ఉన్నారు. రెండు ఆక్షేపణలలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే ఈ వ్యాసంగంలో చరిత్ర విద్యార్థికి పనికివచ్చే అంశం ఒకటుంది. అది పుస్తకంలో దాగిపోయే ప్రశ్నలను బయటికి లాగుతుంది. "గుర్రపు దండు నగరంలోకి ప్రవేశించింది" అని పుస్తకం ఒక వాక్యంలో రాసి ఊరుకోవచ్చు. బల్లమీద ఆడేవాడు ఎన్ని గుర్రాలు, ఏ ద్వారం, ఏ వేళ, ఎదుట ఎవరు అని అడగక తప్పదు.

ఈ ఆట మూలాలు మన దేశానికి పరాయివి కావు. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగాల సైన్యాన్ని అరవైనాలుగు గడుల మీద నడిపించిన చతురంగం ఏడవ శతాబ్దంలో బాణభట్టు హర్షచరిత్ర రచించేనాటికే వ్యవహారంలో ఉంది. అది పారశీకానికి, అక్కడినుంచి అరబ్బు దేశాలకు, ఐరోపాకు ప్రయాణించింది. ఐరోపాలో కొందరికి ఆ అరవైనాలుగు గడులు చాలలేదు. జర్మనీలోని ఉల్మ్ నగరంలో క్రిస్టోఫ్ వైక్‌మన్ చదరంగాన్ని విస్తరించి, మరిన్ని పావులతో ఒక పెద్ద రాజక్రీడను 1664లో ప్రకటించాడు. శివాజీ సూరత్ మీద మొదటిసారి దాడి చేసింది అదే సంవత్సరం. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు. కాని ఈ వ్యాసంగంలో ఉన్నవారికి ఆ యాదృచ్ఛికత ముచ్చటగొలుపుతుంది.

1780లో బ్రున్‌స్విక్‌లో హెల్విగ్ గడులకు మైదానం, అడవి, నది వంటి భూస్వభావాలను చేర్చాడు. ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే అధికారి 1812లో తన ఆటను రాజుకు చూపాడు. ఆయన కుమారుడు దాన్ని మెరుగుపరచి 1824లో సైన్యాధికారుల ముందు ఆడించాడు. గడులు పోయి అసలైన పటం వచ్చింది. పాచికలు వచ్చాయి. ఇరుపక్షాల ఆజ్ఞలనూ విని, ఎవరికి ఏమి కనబడుతుందో నిర్ణయించే మధ్యస్థుడు వచ్చాడు. సైన్యాధిపతి మ్యూఫ్లింగ్ మొదట అనాసక్తంగా కూర్చుని, చివరకు ఇది ఆట కాదు, యుద్ధశిక్షణ అని మెచ్చుకున్నాడని ప్రసిద్ధి. ఆ తరువాత ఇది సైనిక విద్యాలయాల పాఠ్యాంశమైంది.

ఇళ్ళలోకి ఈ ఆటను తెచ్చినది మాత్రం రచయితలు. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ అనారోగ్యంతో స్విట్జర్లాండ్‌లోని డావోస్‌లో గడిపిన చలికాలాలలో సవతి కుమారుడు లాయిడ్ ఆస్‌బర్న్‌తో కలిసి అటక నేలమీద సుద్దముక్కతో పటం గీసి, బొమ్మ సైన్యాలను నడిపేవాడు. 1893 నుంచి బ్రిటెయిన్స్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను చౌకగా అమ్మసాగింది. వాటిని ఆధారం చేసుకునే హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకం రాశాడు. యుద్ధాన్ని ద్వేషించే మనిషి యుద్ధపు ఆటకు నియమాలు రాయడం వింతగా తోస్తుంది. చిన్న యుద్ధం ఆడినవాడికి పెద్ద యుద్ధమెంత మూర్ఖమైనదో తెలిసివస్తుందనే వాదనతో ఆయన తన పుస్తకాన్ని ముగించాడు. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైంది.

1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ రచించిన 'వార్ గేమ్స్' వెలువడిన తరువాత ఈ వ్యాసంగం సామాన్య గృహస్థుల దాకా వచ్చింది. అప్పటినుంచే మరో సమస్యా మొదలైంది. అది ఈ వ్యాసంగానికి నీడవంటిది. ఒక సైన్యం పూర్తికాక ముందే మరొక సైన్యం మొదలవుతుంది.

తెలుగువారికి ఈ స్వభావం కొత్తది కాదు. బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో ఏటేటా ఒకటో రెండో కొత్త బొమ్మలు చేర్చడం ఆనవాయితీ. తిరునాళ్ళలో కొన్న బొమ్మ, తీర్థయాత్రలో కొన్న బొమ్మ, పుట్టింటినుంచి వచ్చిన బొమ్మ అన్నీ ఒకే మెట్ల వరుసమీదికి చేరతాయి. ఎత్తులు కలవవు, కాలాలు కలవవు. దశావతారాల పక్కన రైలుబండి ఉంటుంది. కొలువులో అది అందమే. యుద్ధక్రీడలో అది చిక్కు. ఒక సైన్యం 54 మిల్లీమీటర్ల ఎత్తు, మరొకటి 28, వేరొకటి 15, ఇంకొకటి 6 మిల్లీమీటర్లు అయినప్పుడు అవి ఒకే బల్లమీద ఎదురెదురు నిలవలేవు. ఇంత కష్టపడి రంగులు వేసిన అశ్వికదళానికి శత్రువు లేకుండా పోతాడు.

ఒకేసారి మూడు నాలుగు పథకాలు నడపడం చపలచిత్తం వల్లనే అనుకోవడం పొరపాటు. ఈ వ్యాసంగంలో చదవడం, కొనడం, రంగులు వేయడం, నేలను నిర్మించడం, నియమాలు రాయడం, ఆడడం అనే పనులు కలగలిసి ఉంటాయి. వీటన్నిటికీ ఒకే మనఃస్థితి పనికిరాదు. రోజంతా కార్యాలయంలో దస్త్రాలు చూసివచ్చిన మనిషికి రాత్రి సన్నని కుంచెతో గుర్రపు కళ్ళెం గీసే ఓపిక ఉండకపోవచ్చు, ఒక అధ్యాయం చదివే ఓపిక ఉండవచ్చు. లోహపు బొమ్మలు తయారుచేసే సంస్థలు చాలామట్టుకు బ్రిటన్ వంటి దేశాలలో ఉన్నందున అవి టపాలో వచ్చేదాకా చేతిలో ఉన్న మరో పని చేసుకోక తప్పదు. మన వాతావరణం సంగతి వేరే చెప్పాలి. వానాకాలపు తేమలో పిచికారీ చేసిన తొలిపూత తెల్లగా పొగచూరినట్లవుతుంది, అట్టముక్కలతో కట్టిన కోటగోడలు వంకర తిరుగుతాయి. సూరత్ వంటి ఊళ్ళో మరో జాగ్రత్త కూడా అవసరం. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయంనుంచి వదిలిన నీటితో తపతి పొంగి నగరంలో అధికభాగం మునిగింది. అక్కడ సేకరణలను కింది అరలలో పెట్టడం తెలివైన పని కాదు.

ఇక సూరత్ చరిత్రనే ఆడదలచినవాడి స్థితిని ఊహించవచ్చు. అతని ముందు సిద్ధంగా ఉన్న పథకాలు ఇవి: 1573లో అక్బరు ముట్టడి, 1612లోనూ 1615లోనూ సువాలీ వద్ద నౌకాయుద్ధాలు, 1664 జనవరిలోనూ 1670 అక్టోబరులోనూ శివాజీ దాడులు, 1759లో ఆంగ్లేయులు కోటను స్వాధీనం చేసుకోవడం. ఏది మొదలుపెట్టాలి? అనుభవం చాలనివాడు ఒకేసారి అన్నిటినీ మొదలుపెడతాడు.

అక్బరు ముట్టడి చూడడానికి ఘనంగా ఉంటుంది. చక్రవర్తి స్వయంగా వచ్చాడు. ఒకప్పుడు హుమాయూను కొలువులో ఉన్న హంజబాన్ కోటను పట్టుకుని ఉన్నాడు. సుమారు నెలన్నర తరువాత, 1573 ఫిబ్రవరి చివర, కోట లొంగిపోయింది. గుజరాత్ రేవులను జయించాలన్న సంకల్పంతో ఉస్మానీ తురుష్కులు తెచ్చి విడిచిపోయిన సులేమానీ ఫిరంగులు కోటలో దొరికాయని మొగలు చరిత్రకారులు రాశారు. ఫిరంగులు, కందకాలు, మట్టిదిబ్బలు, ఏనుగులు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆట. ముట్టడి అంటే ప్రధానంగా నిరీక్షణ. నెలన్నర నిరీక్షణను ఒక సాయంత్రంలో ఆడించగల నియమాలు రాయడం కష్టం. అందువల్ల ఈ పథకంలో కోట నమూనా మాత్రం పూర్తయి, అలమారుపై శాశ్వతంగా నిలిచిపోయే అవకాశం ఎక్కువ.

సువాలీ యుద్ధాల పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. 1612 నవంబరు చివర కెప్టెన్ థామస్ బెస్ట్ రెండు ఓడలతో నాలుగు పెద్ద పోర్చుగీసు ఓడలను, వాటి వెంట వచ్చిన అనేక చిన్న పడవలను ఎదుర్కొన్నాడు. తయారు చేయవలసినది కొద్ది నమూనాలే. కొన్ని ఆదివారాలలో పని ముగుస్తుంది. బొమ్మ సైన్యాలలో ఎన్నేళ్ళకూ తెమలనివారు ఓడలవైపు మొగ్గడానికి ఇదే కారణం. అయితే ఇక్కడ అసలు యోధుడు ఓడ కాదు, నీరు. సువాలీ తీరానికి, దాని ఎదుట ఉన్న ఇసుకమేటకు నడుమ ఒక సన్నని పాయ ఉండేది. పోటు వేళ ప్రవేశం, పాటు వేళ ప్రమాదం. ఖంభాత్ సింధుశాఖ ప్రాంతంలో పోటుపాటుల వ్యత్యాసం మన తూర్పు తీరవాసులకు ఊహకందనంత ఎక్కువ. ఎక్కువ లోతు కావలసిన పోర్చుగీసు ఓడలకు అక్కడ ఇసుక తగిలింది, తేలికపాటి ఆంగ్ల ఓడలు తప్పించుకు తిరిగాయి. 1615 జనవరిలో పోర్చుగీసు రాజప్రతినిధి అజెవెడో స్వయంగా పెద్ద నౌకాదళంతో వచ్చినప్పుడు నికొలస్ డౌన్‌టన్ కూడా ఆ ఇసుకమేటనే కవచంగా వాడుకున్నాడు. కాబట్టి ఈ ఆటలో పోటుపాటుల పట్టిక లేకపోతే ఓడలెంత అందంగా చేసినా ప్రయోజనం లేదు. ఫిరంగుల లెక్క మాత్రమే చూసుకుని ఆడినవారు ప్రతిసారీ పోర్చుగీసువారినే గెలిపిస్తారు, ఎందుకు గెలవలేదో గ్రహించరు.

ఈ యుద్ధాలవల్ల ఆంగ్లేయులకు సూరత్‌లో వర్తక స్థావరం స్థిరపడింది. 1615 సెప్టెంబరులో జేమ్స్ రాజు రాయబారి సర్ థామస్ రో దిగినది సువాలీ తీరంలోనే. అంతకు ముందే, 1611లో, ఆంగ్ల కంపెనీ ఓడ మచిలీపట్నం చేరిందనేది తెలుగు పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం. ఒక రేవుకు చేసిన నావికుల బొమ్మలు మరొక రేవుకూ సరిపోతాయి.

అందరినీ ఆకర్షించే పథకం 1664. ఆనాటి ఆంగ్లేయుల పంచాంగం ప్రకారం జనవరి 6వ తేదీ పగలు శివాజీ దళం సూరత్ శివార్లకు చేరింది. బుర్హాన్‌పూర్ ద్వారం వెలుపల ఒక తోటలో విడిసింది. అప్పటికి నగరానికి గట్టి ప్రాకారం లేదు, మట్టిగోడ మాత్రమే. నగరాధికారి ఇనాయత్ ఖాన్ 500 మంది సైనికులకు జీతం పుచ్చుకుంటూ ఆ సంఖ్యలో మనుషులను పోషించలేదన్న అపకీర్తి ఉంది. దాడి వార్త వినగానే అతడు కోటలోకి వెళ్ళి తలుపులు మూసుకున్నాడు. ఆంగ్లేయులు సర్ జార్జి ఆక్సెండెన్ నాయకత్వాన తమ స్థావరాన్ని, డచ్చివారు తమ స్థావరాన్ని కాపాడుకున్నారు. నాలుగు రోజులపాటు వర్జీ వోరా, హాజీ జాహిద్ బేగ్ వంటి కోటీశ్వరుల ఇళ్ళు కొల్లగొట్టబడ్డాయి. నగరంలో పెద్దభాగం అగ్నికి ఆహుతి అయింది. మొగలు సైన్యం వస్తున్నదని తెలిసి 10వ తేదీన శివాజీ వెనుదిరిగాడు. సైన్యం వచ్చింది వారం తరువాత.

ఇందులో బొమ్మల లెక్క ఆసక్తికరమైనది. దాడికి వచ్చిన ఆశ్వికుల సంఖ్యను జాదూనాథ్ సర్కార్ 4,000గా చెప్పాడు. యాభై మందికి ఒక బొమ్మ అనే నిష్పత్తి పెట్టుకుంటే 80 గుర్రపు రౌతులు కావాలి. ఒక్కొక్క రౌతుకు రెండు గంటలు పట్టినా 160 గంటల పని. రోజుకు గంట చొప్పున అయితే ఐదున్నర నెలలు. ఈ లెక్క వేయకుండా పని మొదలుపెట్టినవాడు ముప్ఫయ్యో గుర్రం దగ్గర ఆగిపోయి, ఆ విసుగులో సువాలీ ఓడలవైపో, ఇంకా దూరం వెళ్ళి నెపోలియన్ వైపో తిరుగుతాడు.

అదే నిష్పత్తిని ఆంగ్లేయులకు వర్తింపజేస్తే మరో సంగతి బయటపడుతుంది. ఆక్సెండెన్ వెంట డప్పులు, కాహళులతో వీధిలో నడిచినవారు రమారమి 200 మంది. అంటే నాలుగు బొమ్మలు. 80 బొమ్మల ఎదుట నాలుగు! అయినప్పటికీ ఈ దాడిని గురించి వచ్చిన గ్రంథాలలో చాలా పుటలు ఆ నాలుగు బొమ్మలవే. కారణం స్పష్టం. ఉత్తరాలు రాసినవారు, ఆ ఉత్తరాలను భద్రపరచిన కంపెనీ, బహూకరించిన బంగారు పతకం అన్నీ ఆ ఇంటివి. మరాఠా దళం గట్టి ప్రతిఘటన ఉన్నచోట కాలం వృథా చేయక సులభంగా సొమ్ము దొరికే చోటికి వెళ్ళింది. ఆంగ్లేయుల కథనంలో అది తాము సాధించిన విజయమైంది. బల్లమీద ఆడి చూసినవారికి ఈ తేడా తెలుస్తుంది. శివాజీ పక్షాన ఆడేవాడికి నాలుగు రోజుల గడువు, మోసుకుపోగల బరువు, సమీపిస్తున్న మొగలు సైన్యం అనే మూడు చింతలు ఉంటాయి. ఆంగ్లేయుల ఇల్లు అతని చింతలలో ఒకటిగా కూడా ఉండదు.

కోట ఫిరంగుల సంగతి మరొకటి. కోటలోనుంచి ఇనాయత్ ఖాన్ మనుషులు కాల్చిన గుళ్ళు శత్రువుకంటె నగరంలోని ఇళ్ళకే ఎక్కువ నష్టం కలిగించాయని సమకాలికులు రాశారు. ఇటువంటి నియమాన్ని ఏ ఆటల పుస్తకమూ ముందుగా ఊహించి రాయదు. ఫిరంగి పేల్చిన ప్రతిసారీ పాచిక వేసి, ఏ వర్తకుని మేడ కూలిందో, ఏ పేదవాని గుడిసె అంటుకుందో చూడవలసి వస్తుంది. కోట పక్షం ఆడేవాడు రెండుమూడు సార్లు పేల్చి తరువాత తానే మానుకుంటాడు.

1670 దాడి దీనికి అనుబంధం వంటిది. అప్పటికి ఔరంగజేబు ఆజ్ఞతో ఇటుక ప్రాకారం వచ్చింది. అయినా నగరం దాడికి గురైంది. ఆంగ్లేయుల స్థావరాన్ని ఈసారి స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ కాపాడాడు. తిరుగు ప్రయాణంలో అక్టోబరు 17న వణి-దిండోరి వద్ద దావూద్ ఖాన్ నాయకత్వంలోని మొగలు సైన్యంతో బహిరంగ యుద్ధం జరిగింది. సరిగా ఆడదగిన యుద్ధం ఇదే: మైదానం, రెండు సైన్యాలు, ఒక పక్షం దోచిన సొమ్మును కాపాడుకుంటూ తప్పుకోవాలి. 1664 కోసం రంగులు వేసిన 80 మంది రౌతులూ ఇక్కడికి వస్తారు.

అనేక పథకాలను ఏకకాలంలో మోయగల రహస్యం ఏదైనా ఉంటే అది ఇందులోనే ఉంది. కొత్త సైన్యం మొదలుపెట్టేటప్పుడు అది పాత సైన్యానికి ఏ విధంగా చుట్టమవుతుందో చూసుకోవాలి. సూరత్ కోసం చేసిన మరాఠా అశ్వికదళం 1677లో శివాజీ గోలకొండకు వచ్చి అబుల్ హసన్ కుతుబ్ షాతో చెలిమి చేసుకుని దక్షిణానికి సాగిన దండయాత్రకూ పనికివస్తుంది. సూరత్ మొగలు దళమే 1687లో ఎనిమిది నెలలు గోలకొండను ముట్టడించిన సైన్యంలో భాగంగా నిలుస్తుంది. ఒకే ఎత్తు, ఒకే కొలత పీఠం, ఒకే నిష్పత్తి పాటిస్తే ఆరు పథకాలు నిజానికి రెండు పథకాలు అవుతాయి. 1990లో వెలువడిన 'డీబీఏ' అనే నియమావళి ఒక సైన్యాన్ని పన్నెండు పీఠాలకే పరిమితం చేసి విశేషాదరణ పొందడానికి కారణం కూడా ఇటువంటిదే. పన్నెండు అయితే పూర్తవుతాయి.

1759 పథకం మాత్రం ఈ బంధుత్వానికి లొంగదు. సీదీల అధీనంలో ఉన్న కోటను ఆంగ్లేయులు ఆ సంవత్సరం మార్చిలో పట్టుకున్నారు. ఎర్రకోటు తొడిగిన సిపాయీలకు వేరే బొమ్మలు, వేరే నియమాలు కావాలి. వీటిని చేసేవారు తెలుగుదేశంవైపు చూడడం మంచిది. 1757 జనవరిలో బొబ్బిలి, 1758 డిసెంబరులో చందుర్తి ఆ కాలానివే. బొబ్బిలి యుద్ధం మాత్రం ఆట బల్లమీదికి తేవడానికి మనసొప్పని ఘట్టం. కోటలోని స్త్రీలు, పిల్లలు మరణించిన తీరు తెలిసినవారెవరూ దానికి గెలుపోటముల పాయింట్లు వేయలేరు. వేయకపోవడమే ఉచితం.

రంగుల విషయంలో మన చరిత్ర ఆడేవారికి మరొక ఇబ్బంది ఉంది. నెపోలియన్ సైన్యంలో ప్రతి దళం గుండీల వరుస, కాలరు రంగు ముద్రిత గ్రంథాలలో దొరుకుతాయి. పదిహేడవ శతాబ్దపు దక్కను సైనికునికి ఏకరూప దుస్తులు లేవు. చిత్రకారుల సూక్ష్మచిత్రాలు, యాత్రికుల వర్ణనలు, ప్రదర్శనశాలలలోని కవచాలు చూసి ఊహించవలసిందే. సూరత్‌లోనే 1890లో వించెస్టర్ మ్యూజియంగా స్థాపితమై తరువాత సర్దార్ పటేల్ పేరు పొందిన ప్రదర్శనశాల ఉంది. ఆక్సెండెన్ సోదరుల సమాధి, 1691లో మరణించిన డచ్చి అధికారి వాన్ రేడె సమాధి ఉన్న ఆంగ్ల, డచ్చి శ్మశానాలు ఉన్నాయి. గుమ్మటాలతో మొగలు కట్టడాలను తలపించే ఆ సమాధులు చూసినవారు ఆ వర్తకులు తమను తాము ఎలా ఊహించుకున్నారో పది పుస్తకాలకంటె బాగా గ్రహిస్తారు. ఏకరూప దుస్తులు లేకపోవడం రంగులు వేసేవాడికి సౌలభ్యం. ఏ రంగు వేసినా తప్పని నిరూపించేవారు ఉండరు. ఈ సౌలభ్యం అంత మంచిది కాదు.

అన్నిటికంటె పెద్ద లోటు వేరొకటి. శివాజీ రౌతులకు బొమ్మలు దొరుకుతాయి, మొగలు సిపాయీలకు దొరుకుతాయి, ఐరోపా నావికులకు కావలసినన్ని దొరుకుతాయి. ఆ నాలుగు రోజులూ నగరంలో ఉన్నవారికి బొమ్మలు లేవు. నది దాటి పిల్లలతో పారిపోయినవారు, మగ్గాలు వదిలి పరుగెత్తిన నేతగాళ్ళు, రేవులో మూటలు మోసే కూలీలు, వర్తకుల మేడలలో నేలలు తవ్వించి సొమ్ము చూపించమని నిర్బంధింపబడిన సేవకులు ఈ ఆటలో ఎక్కడా నిలబడరు. 1664 ఆట ఎవరిగురించి అని అడిగితే నిజానికి వీరిగురించే అని చెప్పాలి. నగరం అంటే వీరే. వీరి బొమ్మలు లేకుండా బల్లమీద ఖాళీ వీధులు మాత్రం మిగులుతాయి, ఖాళీ వీధిని దోచడం ఎవరి మనసునూ నొప్పించదు.

నేటి సూరత్ మరమగ్గాల నగరం. తెలంగాణ జిల్లాలనుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అనేకం అక్కడ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉంది. లింబాయత్ ప్రాంతంలో పెరిగే పిల్లవానికి ఆ నగరం కథను చెప్పదలిస్తే, గుర్రపు రౌతుకంటె మగ్గం ముందు కూర్చున్న మనిషి బొమ్మ దగ్గరగా తోచవచ్చు.

అటువంటి బొమ్మలు చేయడం తెలుగువారికి తెలియని విద్య కాదు. కృష్ణాతీరంలోని కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురుతో అతికి, రంగులద్దే కళాకారులు అంబారీ ఏనుగునూ చేస్తారు, తాటిచెట్టెక్కే గీతకార్మికుణ్ణీ చేస్తారు, ఎడ్లబండినీ, కుండలు మోసే స్త్రీనీ చేస్తారు. రాజుకూ కూలికీ అక్కడ ఒకే కర్ర, ఒకే జిగురు. పరిమాణంలో మాత్రం అవి వార్‌గేమ్ బొమ్మలకంటె చాలా పెద్దవి. 28 మిల్లీమీటర్ల ఎత్తుకు పొణికి కర్ర పనికిరాదు, చేతులు విరిగిపోతాయి. కొండపల్లి మూర్తులను ఆధారంగా తీసుకుని, నగల నమూనాలకు వాడే త్రీడీ ముద్రణతో చిన్నవి చేయించడం సాధ్యమే. నగల పరిశ్రమ ఉన్న సూరత్‌లో అది మరీ దుర్లభం కాదు. 80 మంది రౌతులలో ముప్ఫయిమందిని పూర్తిచేసి విసిగినవాడు ఆ తరువాతి నెల మరో దేశపు సైన్యంవైపు తిరిగేముందు, ఇరవైమంది నగరవాసులను చేసి చూడవచ్చు. అవి పూర్తయ్యాక బుర్హాన్‌పూర్ ద్వారంలోంచి మొదటి గుర్రాన్ని లోపలికి జరిపేటప్పుడు ఆటగాడి చేయి ఒక్క క్షణం ఆగుతుంది.